ఉప్పును చూసి మూగబోయిన లేజర్

టేబుల్ మీద చిన్న పాలిథిన్ కవర్. అందులో తెల్లటి పొడి. ‘‘కవర్ విప్పకూడదు. ఇదేంటో చెప్పాలి. ఎలా చెప్తావ్?’’ అని అడిగారు మేడమ్.

హైదరాబాద్‌లో ఓ చిన్న ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో ఇంటర్వ్యూ అది. నేను ఈసీఈ చదివి, పైథాన్ నేర్చుకుని, డేటా అనలిస్ట్ పోస్టుకి వెళ్లాను. లిస్టులు, డిక్షనరీలు, ఎస్‌క్యూఎల్ జాయిన్లు అన్నీ రాత్రంతా కూర్చుని చదివాను. పొడి గురించి అడుగుతారని కలలో కూడా అనుకోలేదు. ‘‘ల్యాబ్‌కి పంపాలండీ’’ అన్నాను. ఆవిడ నవ్వి, హెయిర్ డ్రయర్‌లా ఉన్న పరికరం ఒకటి తీసి, దాని మూతిని కవర్‌కి ఆనించి బటన్ నొక్కారు. పదిహేను సెకన్లు కూడా పట్టలేదు. స్క్రీన్ మీద ‘పారాసిటమాల్’ అని పడింది.

‘‘దీనికెలా తెలిసింది?’’

నాకు తెలీదు. లేజర్ గురించి ఇంజినీరింగ్ ఫిజిక్స్‌లో ఒక యూనిట్ ఉండేది. ఆ యూనిట్ వదిలేసినా పాస్ అయిపోవచ్చని సీనియర్లు చెప్తే వదిలేసిన బ్యాచ్ మాది. అదే మాట ఆవిడతో చెప్పేశాను. ‘‘కోడ్ రాయడం వచ్చు కాబట్టి తీసుకుంటున్నాం. ఫిజిక్స్ మాత్రం నేర్చుకోవాలి, తప్పదు’’ అన్నారు. సరేనన్నాను. నేర్చుకోకుండా మూడు నెలలు నెట్టుకొచ్చాను కూడా. ఆ మూడు నెలల చివర నేను చేసిన తప్పు గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నా. ముందు ఆ పరికరం ఏం చేస్తుందో చూద్దాం.

కుండ కొట్టి చూసినట్టు

సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ వేలి కణుపుతో టక్కున కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. ఖంగుమంటే మంచి కుండ, బొద్దుగా మోగితే ఎక్కడో బీట ఉన్నట్టు. కొబ్బరికాయకైనా, పుచ్చకాయకైనా ఇదే పరీక్ష. లోపలికి తొంగి చూడక్కర్లేదు. తట్టితే వస్తువు తన సంగతి తనే చెప్తుంది.

ఆ పరికరం చేసేదీ అదే. కాకపోతే వేలి బదులు కాంతితో తడుతుంది. అణువులో పరమాణువులు కదలకుండా బిగుసుకుని ఉండవు. స్ప్రింగులతో కట్టిన గోళీల్లా ఎప్పుడూ ఊగుతుంటాయి. ఎంత వేగంగా ఊగుతాయన్నది ఆ పరమాణువుల బరువు మీద, వాటి మధ్య బంధం ఎంత బిగువుగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. అందుకే ఏ అణువు స్వరాలు దానివే.

ఇప్పుడు లేజర్ కాంతి వచ్చి తాకిందనుకోండి. కొంత లోపలికి దూసుకుపోతుంది, కొంత పీల్చుకుపోతుంది, కొంత నలుమూలలా చెదురుతుంది. చెదిరినదాంట్లో దాదాపు అంతా ఏ రంగులో వచ్చిందో అదే రంగులో వెనక్కి వెళ్లిపోతుంది. దాని వల్ల మనకి పెద్దగా తెలిసేదేం లేదు. కానీ సుమారుగా కోటి ఫోటాన్లలో ఒకటి మాత్రం అణువుని ఒక ఊపు ఊపి, ఆ ఊపుకి అయిన ఖర్చు తన శక్తిలోంచి కట్టి, కొంచెం బలహీనపడి బయటికొస్తుంది. శక్తి తగ్గితే తరంగదైర్ఘ్యం పెరుగుతుంది, అంటే రంగు మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే లోపల ఏ స్వరం మోగిందో తెలిసిపోతుంది. ఇదే రామన్ ఎఫెక్ట్.

ఒక లెక్క చూడండి. మా పరికరంలో లేజర్ 785 నానోమీటర్లది. పారాసిటమాల్‌లో ఓ ముఖ్యమైన స్వరం సెంటీమీటర్‌కి 1648 తరంగాల దగ్గర ఉంటుంది. 785 నానోమీటర్లంటే సెంటీమీటర్‌కి 12,739 తరంగాలు. అందులోంచి 1648 తీసేసి మళ్లీ నానోమీటర్లలోకి మారిస్తే 902 వస్తుంది. అంటే 785గా లోపలికెళ్లిన కాంతి 902గా తిరిగొచ్చింది. అలాగే 797, 858, 1168, 1324 దగ్గర మరికొన్ని శిఖరాలు ఉంటాయి. ఈ వరుస మొత్తం కలిస్తే పారాసిటమాల్ వేలిముద్ర. ఈ శిఖరాలు ఎంత కచ్చితంగా తెలుసంటే, పరికరాలు సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసుకోవడానికే పారాసిటమాల్‌ని వాడతారు. జ్వరం వచ్చినప్పుడు వేసుకునే బిళ్లలోని మందు, స్పెక్ట్రోమీటర్‌కి తూకం రాయి అన్నమాట!

సముద్రం దగ్గర మొదలైన ప్రశ్న

మాది విశాఖ వైపు. సముద్రం ఎందుకు నీలంగా ఉంటుందని చిన్నప్పుడు అడిగితే, ‘‘ఆకాశం నీడ పడుతుంది కదరా’’ అనేవారు తాతయ్య. పెద్ద పెద్దవాళ్లు చెప్పిందీ అదే. ఆకాశం నీలిమకి లెక్క కట్టిన లార్డ్ రేలీ కూడా సముద్రం రంగు ఆకాశం ప్రతిబింబమేనన్నాడు.

సీవీ రామన్ ఒప్పుకోలేదు. ఆయన పుట్టింది తిరుచిరాపల్లి దగ్గర, 1888లో. తండ్రికి విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం రావడంతో చిన్నతనమంతా విశాఖలోనే గడిచింది. పదకొండేళ్లకి మెట్రిక్, ఆ తర్వాత ఎఫ్ఏ అక్కడే పూర్తిచేసి మద్రాసు వెళ్లారు. 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తా చేరారు. ఆఫీసుకి ముందూ, ఆఫీసు తర్వాతా బౌబజార్ వీధిలోని సైన్స్ అసోసియేషన్ ల్యాబ్‌లో పనిచేసేవారు. వీణ, మృదంగం, తబలా ఎందుకు అలా పలుకుతాయన్నది అప్పటి ఆయన పరిశోధన. కంపనాల మీద ఆ పట్టు తర్వాత ఎక్కడికి తీసుకెళ్లిందో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగొస్తూ మధ్యధరా సముద్రం నీలిమని చూశారు. జేబులో నికల్ ప్రిజమ్ ఉంది. నీటి ఉపరితలం నుంచి పరావర్తనమైన కాంతి ఒక కోణంలో ఒకే దిశలో కంపిస్తుంది కాబట్టి, ప్రిజమ్‌ని తగినట్టు తిప్పితే ఆ మెరుపుని ఆపేయొచ్చు. ఆపేశారు. ఆకాశం నీడ పోయింది. నీలం మాత్రం పోలేదు, ఇంకా చిక్కబడింది. అంటే నీళ్ల అణువులే కాంతిని చెదరగొడుతున్నాయి. (ఇవాళ మనకి ఇంకో సంగతి కూడా తెలుసు. నీరు ఎరుపుని కొద్దికొద్దిగా పీల్చేసుకుంటుంది. దానికి కారణం కూడా నీటి అణువుల కంపనాలే.)

అక్కడి నుంచి ఏడేళ్లు. ద్రవం తర్వాత ద్రవం తీసుకుని, శిష్యులతో కలిసి చెదిరిన కాంతిని చూస్తూనే ఉన్నారు. ఎండని ఊదారంగు గాజు ఫిల్టర్ గుండా పంపి ద్రవం మీద వేయడం, చెదిరిన కాంతికి అడ్డంగా ఆ ఊదాని పూర్తిగా ఆపేసే ఇంకో ఫిల్టర్ పెట్టడం. రంగు మారకపోతే ఏమీ కనిపించకూడదు. కానీ మసకగా ఏదో కనిపించింది! కేఎస్ కృష్ణన్‌తో కలిసి అది కొత్త రకం కాంతేనని 1928 ఫిబ్రవరి 28న తేల్చారు. 1930లో నోబెల్. మనం జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుకొనేది ఆ తేదీనే.

నేను చేసిన ఘనకార్యం

ఇక నా కథ. ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. నా పని, మందుల కంపెనీల గోడౌన్లలో వాడే పరికరాలకి సాఫ్ట్‌వేర్ రాయడం. గోడౌన్‌కి ముడిసరుకు డ్రమ్ముల్లో వస్తుంది. డ్రమ్ములో పాలిథిన్ సంచి, సంచిలో పొడి. బయట లేబుల్ మీద ఉన్నదే లోపల ఉందా లేదా అన్నది సంచి విప్పకుండా చూడాలి. పాలిథిన్ స్వరాలు కూడా కలిసి వస్తాయి కాబట్టి వాటిని తీసేయడానికి నేనే ఓ ఫంక్షన్ రాశాను. బాగా పనిచేసేది. కాస్త గర్వం కూడా ఉండేది.

ఒక రోజు ఒక కస్టమర్ నుంచి ఫిర్యాదు. సోడియం క్లోరైడ్ సంచి ఏది పెట్టినా మిషన్ ‘పాలిథిన్’ అంటోందట. సెలైన్‌కి వాడే ఉప్పు అది. వాళ్లు డేటా పంపారు. చూస్తే నిజమే, 1062, 1128, 1295, 1440 దగ్గర పాలిథిన్ శిఖరాలు తప్ప ఇంకేం లేవు. నా ఫంక్షన్ ఉప్పు సిగ్నల్‌ని కూడా తినేస్తోందనుకున్నాను. రెండు రోజులు కోడ్ తిరగేశాను. బగ్ దొరకలేదు. మూడో రోజు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. మా ల్యాబ్‌లో సోడియం క్లోరైడ్ సంచిని పదిసార్లు స్కాన్ చేసి, ఆ సగటుని లైబ్రరీలో ‘సోడియం క్లోరైడ్’ పేరుతో సేవ్ చేసేశాను. మళ్లీ స్కాన్ చేస్తే పచ్చ అక్షరాల్లో ‘పాస్’. సమస్య తీరిపోయింది. రిలీజ్‌కి పంపే ముందు మేడమ్‌కి డెమో ఇచ్చాను.

ఆవిడేం మాట్లాడలేదు. అల్మరాలోంచి ఒక సీసా తీసి, అందులో పొడిని అలాంటి సంచిలోనే వేసి నా ముందు పెట్టారు. ‘‘స్కాన్ చెయ్యి.’’ చేశాను. ‘సోడియం క్లోరైడ్, పాస్’. సీసా తిప్పి లేబుల్ చూపించారు. పొటాషియం క్లోరైడ్.

చెమటలు పట్టాయి. పొటాషియం క్లోరైడ్ రక్తంలోకి వేగంగా ఎక్కితే గుండె ఆగిపోతుంది. లీటర్ సెలైన్‌లో ఉప్పు 9 గ్రాములుంటుంది. ఆ 9 గ్రాములు ఇదైతే? నిజానికి గోడౌన్‌లో ఇదొక్కటే పరీక్ష కాదు, తర్వాత ఇంకా చాలా ఉంటాయి. అయినా మొదటి గేటు దగ్గర కాపలావాడిని పెట్టి, వాడికి కళ్లకి గంతలు కట్టింది నేనే.

‘‘ఇప్పుడు చెప్పు, దీనికెలా తెలిసింది?’’ అన్నారు. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నే. జవాబు ఈసారి ఇంకో రకంగా ఉంది. దీనికి తెలీదు. ఎప్పటికీ తెలియదు కూడా.

ఎందుకంటే ఊగే ప్రతి వస్తువూ రామన్‌లో పలకదు. ఊగినప్పుడు ఎలక్ట్రాన్ల మేఘం కాంతికి సాగే తీరు మారాలి. అప్పుడే ఆ ఊపు ముద్ర కాంతి మీద పడుతుంది. ఉప్పు స్ఫటికంలో ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ప్రతి క్లోరిన్ చుట్టూ ఆరు సోడియంలు. ఎటు చూసినా ఒకేలా ఉండే పొందిక. సోడియం కుడికి జరిగినా, అంతే దూరం ఎడమకి జరిగినా మేఘం తీరు ఒక్కటే. తేడా లేనప్పుడు కాంతికి చెప్పడానికేముంది? ఉప్పు ఊగుతూనే ఉంటుంది, లేజర్‌కి మాత్రం వినపడదు. ఆ తర్వాతి స్థాయిలో బలహీనమైన, వెడల్పాటి మచ్చ ఒకటి ఉంటుంది గానీ, చేతిలో పట్టుకునే పరికరం దాన్ని నమ్ముకుని తీర్పు చెప్పలేదు. పొటాషియం క్లోరైడ్ అమరిక కూడా అచ్చం అదే కాబట్టి రెండూ మూగవే. నేను లైబ్రరీలో భద్రంగా దాచిపెట్టింది ఉప్పుని కాదు, ఖాళీ పాలిథిన్ సంచిని.

వాల్తేరులో రాసిన పుస్తకం

‘‘ఏది పలుకుతుందో ఏది పలకదో ముందే లెక్క కట్టొచ్చు. మనవాళ్లు కట్టారు’’ అని మేడమ్ చెప్పిన పేరు సూరి భగవంతం. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, రామన్ ఎఫెక్ట్ బయటపడిన 1928లోనే కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరారు. 1932లో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చారు. కాంతి చెదరడం, రామన్ ఎఫెక్ట్ మీద ఆయన పుస్తకాన్ని యూనివర్సిటీ 1940లో అచ్చేసింది. గణితవేత్త టి.వెంకటరాయుడుతో కలిసి ‘గ్రూప్ థియరీ’ అనే శుద్ధ గణితాన్ని అణువులకీ, స్ఫటికాలకీ అన్వయించారు. స్ఫటికం పొందిక చెప్తే చాలు, అందులో ఎన్ని కంపనాలు రామన్‌లో కనిపిస్తాయో కాగితం మీదే చెప్పేయొచ్చు. 1939లో ఈ పద్ధతి మీద పేపర్, 1948లో పుస్తకం. తర్వాత భగవంతం ఐఐఎస్సీ డైరెక్టర్‌గా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు.

నేను రెండు రోజులు కోడ్‌లో వెతికిన బగ్‌కి సమాధానం, నేను పుట్టడానికి యాభై ఏళ్ల ముందే, మా ఊరికి బస్సులో పోయొచ్చేంత దూరంలో అచ్చయింది. ఆ యూనివర్సిటీ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు బీచ్‌కి వెళ్లానో లెక్కే లేదు.

మరి ఉప్పుని ఎలా పట్టుకోవాలి? దానికీ కాంతే. అన్నం పొంగి గంజి స్టవ్ మీద పడ్డప్పుడు నీలం మంట పసుప్పచ్చగా మారడం చూసే ఉంటారు. అందులోని సోడియం పని అది. వేడికి ఎలక్ట్రాన్ పై మెట్టెక్కి, దిగేటప్పుడు 589 నానోమీటర్ల పసుపు కాంతి వదులుతుంది. పొటాషియమైతే లేత ఊదా. అంటే పరమాణువుల ఊపుని వినలేని చోట ఎలక్ట్రాన్ల గెంతుని చూడాలి. ఇదే సూత్రాన్ని మంట బదులు లేజర్ పల్స్‌తో చేస్తే లిబ్స్ అంటారు. చంద్రయాన్-3లో ప్రజ్ఞాన్ రోవర్ మీద ఉన్న పరికరాల్లో అదొకటి. బెంగళూరులోని ఇస్రో లియోస్ ల్యాబ్‌లో తయారైంది. 2023 ఆగస్టులో చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరి మట్టిలో గంధకం ఉందని చెప్పింది ఆ మెరుపే. నాసా పర్సెవరెన్స్ అయితే మార్స్ మీదికి రామన్ పరికరాలనే తీసుకెళ్లింది.

మా ఆఫీసులో సోడియం క్లోరైడ్ ఎంట్రీ తీసేశాం. దాని స్థానంలో ‘ఈ పదార్థానికి ఈ పద్ధతి పనికిరాదు, వేరే పరీక్ష చేయండి’ అన్న మెసేజ్ పెట్టాం. నేను రాసిన కోడ్‌లో నాకు బాగా నచ్చిన లైన్ అదే. దగ్గు మందుల్లో డైఇథిలిన్ గ్లైకాల్ కల్తీపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబర్‌లో హెచ్చరిక ఇచ్చిన తర్వాత మా దగ్గరికి చాలామంది వచ్చి, మీ గన్‌తో అది తెలుస్తుందా అని అడిగారు. డ్రమ్ములో గ్లిజరిన్ బదులు పూర్తిగా అదే పోసి ఉంటే ఇట్టే తెలుస్తుంది. చిటికెడంత కలిస్తే మాత్రం గ్యాస్ క్రొమటోగ్రఫీకి వెళ్లాల్సిందే. అమ్మకాల వాళ్లకి ఈ జవాబు నచ్చదు.

ఈ దారిలో రావాలంటే

నిజం చెప్పుకోవాలి, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉద్యోగాలు ఇక్కడ లేవు. క్యాంపస్‌కి వచ్చి వంద మందిని తీసుకెళ్లే కంపెనీలూ తక్కువే. కానీ కోడ్, ఫిజిక్స్ రెండూ తెలిసినవాళ్లు దొరక్క ఇబ్బంది పడే టీములున్నాయి. మా టీమే సాక్షి. బీటెక్ తర్వాత ఆసక్తి ఉంటే గేట్ రాసి ఐఐటీ ఢిల్లీలో ఆప్టోఎలక్ట్రానిక్స్, తిరువనంతపురం ఐఐఎస్‌టీలో ఆప్టికల్ ఇంజినీరింగ్ లాంటి ఎంటెక్‌లు చూడొచ్చు. కొచ్చిన్ యూనివర్సిటీలో ఫోటోనిక్స్ కోసం ఒక స్కూలే ఉంది. బీఎస్సీ ఫిజిక్స్ వాళ్లకి జామ్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పేలుడు పదార్థాలని లేజర్‌తో గుర్తించే పరిశోధన జరుగుతోంది. డీఆర్‌డీఓకి డెహ్రాడూన్‌లో ఆప్టిక్స్ కోసమే ఐఆర్‌డీఈ ఉంది. ఫార్మా క్వాలిటీ కంట్రోల్ వైపు నుంచి వచ్చే కెమిస్ట్రీ వాళ్లూ మాతో చాలామందే ఉన్నారు.

ఇంట్లో కూర్చుని మొదలుపెట్టాలంటే ఎన్‌పీటీఈఎల్‌లో స్పెక్ట్రోస్కోపీ కోర్సులు ఉచితం. ఖనిజాల రామన్ స్పెక్ట్రాలు రఫ్ అనే డేటాబేస్‌లో ఎవరైనా దించుకోవచ్చు. వాటిని పైథాన్‌లోకి తెచ్చి బేస్‌లైన్ తీయడం, రెండు స్పెక్ట్రాలని పోల్చి మార్కు ఇవ్వడం చేసి చూడండి. రెజ్యూమెలో పదో చాట్‌బాట్ ప్రాజెక్టు కంటే నాకైతే అది ఎక్కువ నచ్చుతుంది. ఒక్క షరతు. స్కోరు 0.98 వచ్చిందని సంబరపడే ముందు, ఆ శిఖరం ఏ బంధానిదో చెప్పగలగాలి.

ఈ మధ్య నేను కూడా ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుంటున్నా. టేబుల్ మీద రెండు కవర్లు పెడతాను. ఒకటి పారాసిటమాల్, రెండోది ఉప్పు. చాలామంది మొదటిదానికి ఆశ్చర్యపోతారు, రెండోదానికి మిషన్ పాడైందంటారు. పోయిన నెల డిగ్రీ చదివిన ఓ అమ్మాయి వచ్చింది. ‘పాలిథిన్’ అని స్క్రీన్ మీద చూసి కాసేపు ఆలోచించి, ‘‘లోపలిది ఉప్పులాంటిదే అయ్యుంటుంది సార్, అందుకే పలకట్లేదు’’ అంది. అక్కడితో ఆగలేదు. ‘‘మరి తడి ఉప్పు అయితే? నీళ్లయినా పలకాలి కదా?’’

నాకూ తట్టని ప్రశ్న. ఇంటర్వ్యూ పక్కన పెట్టి కవర్‌లో నాలుగు చుక్కల నీళ్లు వేసి స్కాన్ చేశాం. కొత్తగా ఏమీ రాలేదు. నీళ్ల పెద్ద శిఖరం 3400 దగ్గర ఉంటుందనీ, మా పరికరం 2300 దాకానే చూస్తుందనీ, కింద 1640 దగ్గర ఉన్నది మరీ బలహీనమనీ స్పెసిఫికేషన్ షీట్ చూసి ఆమే చెప్పింది. సోమవారం నుంచి వస్తోంది.